కమానుకు నాలుగు సూది గుచ్చులు: ఒక ఆర్కిటెక్చర్ స్టూడియో కొత్త రూపు, పని డైరీ

1వ రోజు

పని ఒప్పుకున్నాను. హిమాయత్‌నగర్‌లో నలభై ఏళ్లు దాటిన ఆర్కిటెక్చర్ స్టూడియో. చిహ్నం, లెటర్‌హెడ్, కార్డులు, గేటు మీద బోర్డు అన్నీ కొత్తగా కావాలట. స్టూడియో పేరు ఇక్కడ రాయను. వాళ్లు వద్దనలేదు. పని పూర్తి కాకముందే పేరు బయటపెట్టడం నాకే ఇష్టం ఉండదు.

పాతకాలపు డాబా ఇల్లు అది. నున్నటి ఎర్ర గచ్చు, నడవాలో రెండు పాత డ్రాయింగు బల్లలు. ఒకదాని మీద ప్రింటర్, మరొకదాని మీద టీ కప్పులు. స్టూడియో మొదలుపెట్టిన పెద్దాయనకు ఎనభై దగ్గర పడ్డాయి, అయినా రోజూ పదకొండు గంటలకు వస్తారు. ఆఫీసు నడిపేది ఆయన కూతురు, ఇంకో భాగస్వామి. నన్ను పిలిచింది కూతురే. "చిహ్నం పాతబడిపోయింది, కొంచెం సరిచేసి పెట్టండి చాలు" అన్నారు. ఈ "కొంచెం" అనే మాట వినగానే నేను అంచనాలో రెండు వారాలు కలుపుతాను. ఈసారీ కలిపాను.

4వ రోజు

స్టూడియో నుంచి బయటకు వెళ్లే ప్రతి కాగితం తలా ఒక నమూనా అడిగి తీసుకుని, సమావేశం గది గోడకు అతికించాను. బిల్లు, కొటేషన్, కార్డు, కవరు, డ్రాయింగు షీటు, సైటు బోర్డు ఫొటో, చివరికి దీపావళి శుభాకాంక్షల కార్డు కూడా. చిహ్నం ఒకటే అనుకున్నారు వాళ్లు. గోడ మీద పదకొండు రకాలు తేలాయి.

చతురస్రంలో కమాను, ఇదీ చిహ్నం. ఎప్పుడో దీన్ని కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే క్యాడ్‌లోకి ఎక్కించారు. ఆ తర్వాత ఏదో ఫైలు మార్పిడిలో వంపు కాస్తా ముక్కలైంది. పెద్దది చేసి చూస్తే అది వంపు కాదు, వరసగా పేర్చిన పద్నాలుగు తిన్నటి గీతలు. మరో రకంలో కమాను కొన ఉల్లిగడ్డలా పైకి లేచింది. కొత్తగా చేరిన అమ్మాయి "నేను తలుపు అనుకున్నానండీ" అంది. పక్కనున్న కుర్రాడు ఇస్త్రీ పెట్టె అన్నాడు. అతను చెప్పాక నాకూ ఇస్త్రీ పెట్టే కనిపిస్తోంది, ఏం చేయను.

షీట్ల మీద తెలుగు పేరు ఇంకా ఘోరం. యూనికోడ్ రాకముందు డీటీపీ కోసం చేసిన ఫాంటుతో కొట్టారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పేరున్న చోట ఇంగ్లిష్ అక్షరాలు, డాలరు గుర్తులు, కామాలు కలిసిన చెత్త. రెండేళ్లుగా కొన్ని షీట్లు ఆ చెత్తతోనే ప్రింటయి వెళ్లాయి. ఎవరూ అడగలేదు.

ఇంకో లెక్క కూడా తీశాను. గత నెలలో బయటకు వెళ్లిన లెటర్‌హెడ్లు తొమ్మిది. ఇచ్చిన కార్డులు, వాళ్లకు గుర్తున్నంతలో, పాతిక లోపే. డ్రాయింగు షీట్లు మాత్రం మూడు వందల పైచిలుకు. ఈ స్టూడియో మొహం ఊరికి కనిపించేది షీటు కుడి అంచున పేరు, షీటు నంబరు లాంటి వివరాలు రాసే గడుల పట్టీలో, అంటే టైటిల్ బ్లాకులో. నన్ను పిలిచిన పనుల జాబితాలో టైటిల్ బ్లాకు అసలు లేదు.

6వ రోజు

పెద్దాయనతో కూర్చున్నాను. పాత చిహ్నాన్ని ఆయన వదలనంటారని, ఎలా ఒప్పించాలా అని రాత్రంతా మాటలు పేర్చుకుని వెళ్లాను. అన్నీ వృథా.

"తీసి పారేయండమ్మా. ఈ ఊళ్లో కమానో మినారో లేని గుర్తు ఒక్కటి చూపించండి. బేకరీ డబ్బా మీదా అదే, ట్రావెల్స్ బండి మీదా అదే. చార్మినార్ కట్టింది 1591లో. ఇంకెంత కాలం దాన్ని వాడుకుని బతుకుతాం?"

ఆయన కట్టిన వాటిలో కమానులున్నవి మూడే ఇళ్లట, అవీ ఇంటివాళ్లు పట్టుబట్టడం వల్ల. కూతురు ఊరుకోలేదు. "అంత నచ్చకపోతే ఇన్నేళ్లు ఎందుకు ఉంచారు నాన్నగారూ?"

"మొదట్లో మార్చడానికి డబ్బుల్లేవు. డబ్బులొచ్చాక తీరిక లేదు."

అప్పుడే స్టూడియోలో అందరికన్నా పాత డ్రాఫ్ట్స్‌మన్‌గారు లోపలి గదిలోంచి ఒక రేకు గొట్టం తెచ్చారు. అందులో చిహ్నం తొలి ప్రతి, ట్రేసింగు కాగితం మీద రోట్రింగ్ పెన్నుతో, అంటే ఒకే మందంలో సిరా గీత గీసే డ్రాఫ్టింగు పెన్నుతో గీసినది. కాగితం అంచులు తేనె రంగుకు తిరిగాయి. రెండు చోట్ల బ్లేడుతో సిరా గీకిన గరుకు వేలికి తగులుతోంది. ట్రేసింగు మీద తప్పు పోతే బ్లేడుతో గీకడమే అప్పట్లో రబ్బరు.

కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి చూశాను. సూది మొనంత వెలుగు చుక్కలు నాలుగు. వృత్తలేఖిని గుచ్చిన చోట్లు.

కమాను మొదలయ్యే అడ్డగీత మీద రెండు, వాటికి బాగా కిందుగా రెండు. ఇది నాలుగు కేంద్రాల కమాను. పక్కల్లో చిన్న వ్యాసార్ధంతో చురుగ్గా లేచి, అక్కడి నుంచి పెద్ద వ్యాసార్ధంతో నెమ్మదిగా కొన వైపు సాగుతుంది. క్యాడ్‌లోకి ఎక్కించినవాళ్లు రెండే కేంద్రాలతో గీసేశారు. భుజాలు పోయి మూతి ఒక్కటీ మిగిలింది. ఇస్త్రీ పెట్టె పుట్టుక ఇదీ.

ఇలాంటి కమాను గీసేటప్పుడు ఒక మెలకువ ఉంది. చిన్న వంపు, పెద్ద వంపు కలిసే బిందువు, ఆ రెండు వంపుల కేంద్రాలు, ఈ మూడూ ఒకే తిన్నటి గీత మీద ఉండాలి. కొంచెం తప్పినా కలిసే చోట మొటిమ లేచినట్టు ఉంటుంది. స్కేలు పెట్టి చూశాను. ఎడమవైపు సరిగ్గా ఉంది. కుడివైపు అర మిల్లీమీటరు తప్పింది, అక్కడ కింది రంధ్రం కొంచెం చిరిగి కూడా ఉంది.

"ఇక్కడ సూది జారింది సార్."

ఆయన కళ్లద్దాలు తీసి, కాగితం దగ్గరగా పెట్టుకుని చూశారు. "ఆ రోజు కరెంటు పోయింది" అన్నారు.

సాయంత్రానికి కూతురు తేల్చి చెప్పేశారు, కమాను ఉంటుంది అని. "మీ ఇష్టం, నన్ను అడగకండి" అన్నారాయన. ట్రేసింగు కాగితం మాత్రం గొట్టంలోకి పోలేదు, ఆయన బల్ల సొరుగులోకి వెళ్లింది.

9వ రోజు

ఆ అర మిల్లీమీటరును ఉంచాలా, సరిచేయాలా? స్టూడియోలో కుర్రవాళ్లంతా ఉంచమన్నారు, అందులో జీవం ఉందట. నేను సరిచేశాను. చేయి జారిన చోటును పూజించడం నాకు చేతకాదు. గీసిన మనిషి కూడా ఆ రోజు కరెంటు ఉండి ఉంటే సరిగ్గానే గీసేవాడు.

చుట్టూ ఉన్న చతురస్రం తీసేశాను. కమాను కాళ్లు కిందికి సాగి, స్టూడియో పేరు నిలబడే గీతను తాకుతాయి, అంతే.

12వ రోజు

గీత మందం దగ్గర నాలుగు రోజులు గడిచాయి. ఈ పనిలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

డ్రాఫ్టింగు పెన్నుల మందాలు 0.13, 0.18, 0.25, 0.35, 0.5, 0.7 మి.మీ. ఒక్కో మెట్టుకు సుమారు 1.4 రెట్లు, అంటే రెండు వర్గమూలం. ఏ-సైజు కాగితాల పొడవు వెడల్పుల నిష్పత్తి కూడా అదే. ఏ1 షీటు 594×841 మి.మీ. దాన్ని ఏ2కు తగ్గిస్తే 0.7 గీత 0.5 అవుతుంది, 0.5 గీత 0.35 అవుతుంది. అంటే చిన్నది చేసిన కాగితం మీద కూడా చేతిలో ఉన్న పెన్నుతోనే దిద్దొచ్చు. ఎవరు ఆలోచించారో గానీ చేతులెత్తి మొక్కాలి.

చిహ్నాన్ని ఈ మెట్ల మీదే నిలబెట్టాను. ఏ1 షీటు మీద కమాను గీత 0.7. సైట్లలో నిజంగా తిరిగేది ఏ3 జిరాక్సు, 297×420, సరిగ్గా సగం కొలత. అక్కడ కమాను గీత 0.35 అవుతుంది, గోడ గీతలతో సమానంగా నిలబడుతుంది. పాత టైటిల్ బ్లాకులో గడులన్నీ 0.13తో గీశారు. ఏ3లో అవి 0.065 అవుతాయి. జిరాక్సు యంత్రం అంత సన్నటి గీతను గీతగా లెక్కలోకి తీసుకోదు.

కాగితం మీద ఇదంతా బాగానే ఉంది. సైటులో ఎలా ఉంటుందో చూడాలి కదా.

15వ రోజు

కొల్లూరు వైపు సైటు. మూడంతస్తులు లేచిన బడి భవనం. మేస్త్రీ జేబులోంచి షీటు తీశారు. ఏ3 జిరాక్సుకు జిరాక్సు, ఎనిమిది మడతలు, మధ్యలో సిమెంటు వేళ్ల ముద్ర. నేను కమాను ఎక్కడుందా అని వెతుకుతుంటే ఆయన చూపు నేరుగా కుడి కింది మూలకు పోయింది. షీటు నంబరు, రివిజన్ నంబరు, అంటే డ్రాయింగును ఎన్నోసారి మార్చారో చెప్పే అంకె. ఆ తర్వాతే బొమ్మ.

ఆ రివిజన్ నంబరు పాత బ్లాకులో 2 మి.మీ. ఎత్తు, జిరాక్సులో 1 మి.మీ. అది 2 అనుకుంటే 2, 3 అనుకుంటే 3. రెండో అంతస్తులో ఒక గోడ పాత రివిజన్ చూసి కట్టి, మళ్లీ పడగొట్టారట. ఈ సంగతి ఆఫీసులో ఎవరూ నాకు చెప్పలేదు. మేస్త్రీ చెప్పారు, అదీ నవ్వుతూ.

షీటు మీద తెలుగులో సూచనలు పెడితే బాగుంటుందా అని అడిగాను. నాకెంతో గొప్ప ఆలోచన అనిపించింది. "నా దగ్గర ఒడిశా వాళ్లు ఆరుగురు, బిహార్ వాళ్లు నలుగురు, మన పాలమూరు వాళ్లు నలుగురు. అంకెలు కనపడితే చాలు మేడమ్, భాష మేం చూసుకుంటాం" అన్నారు. గొప్ప ఆలోచన అక్కడే ఇసుక కుప్ప మీద వదిలేసి వచ్చాను.

తిరిగి వచ్చి టైటిల్ బ్లాకు మొత్తం తిరగేశాను. అడుగున రివిజన్ అంకె 12 మి.మీ., దాని మీద షీటు నంబరు 10 మి.మీ. కమాను పైన ఒక మూలకు పోయింది. కూతురు చూసి, "మన గుర్తు కంటే రివిజన్ నంబరు ఎక్కువ కనిపిస్తోందే" అన్నారు. అవునన్నాను. కాసేపు చూసి, గోడ పడగొట్టిన ఖర్చు ఎంతో చెప్పి, సంతకం పెట్టారు.

19వ రోజు

బోర్డు. ఇక్కడ చట్టాలు, తెలుగు లిపి ఒకదాన్నొకటి ఢీకొన్నాయి.

ఆర్కిటెక్టులు మిగతా వ్యాపారాల్లా ప్రకటనలు ఇచ్చుకోవడానికి లేదు. 1972 ఆర్కిటెక్టుల చట్టం కింద 1989లో వచ్చిన వృత్తి ప్రవర్తన నియమావళి ప్రకారం ఆఫీసు బయట, తాము చేసిన కట్టడం మీద పేరు పెట్టుకోవచ్చు గానీ అక్షరాల ఎత్తు 10 సెం.మీ. మించకూడదు. మరోవైపు దుకాణాలు, సంస్థల నిబంధనలు బోర్డు మీద తెలుగు పైన ఉండాలని, ఎక్కువ చోటు దానికే ఇవ్వాలని చెబుతాయి. రెండూ సబబే. కానీ 10 సెం.మీ. అంటే ఎక్కడి నుంచి ఎక్కడికి? ఇంగ్లిష్ పెద్దక్షరాలకు ఆ గొడవ లేదు, నేల మీద నిలబడి పైకి చూస్తాయి. మనవాటికి పైన గుడి, కింద ఒత్తు. నియమం రాసినవాళ్లకు ఒత్తులు గుర్తొచ్చి ఉండవు. ఎందుకొచ్చిన తంటా అని గుడి పైకొన నుంచి ఒత్తు అడుగు దాకా మొత్తం పది లోపే ఉండాలని నాకు నేనే గీత గీసుకున్నాను.

ఆ గీత లోపల "ఆర్కిటెక్ట్స్" అని రాసి చూడండి. చివర "క్ట్స్" ఉంది చూశారా, క మీద పొల్లు, కింద ట ఒత్తు, దాని వెనకే స ఒత్తు. కొన్ని ఫాంట్లలో స ఒత్తు పక్కకు తప్పుకుంటుంది, కొన్నింటిలో ట ఒత్తు కిందికి దిగుతుంది. నేను వాడుతున్నది అనేక్ తెలుగు ఆధారంగా చేతితో దిద్దుకున్న అక్షరాలు. ఏక్ టైప్ వాళ్లు 2022లో విడుదల చేసిన ఈ ఫాంటులో మందంతో పాటు వెడల్పు కూడా మార్చుకోవచ్చు, ఇంగ్లిష్ అక్షరాలు కూడా అదే కుటుంబంలో ఉన్నాయి. ఎంత దిద్దినా రెండు ఒత్తుల మెట్లు పోను అసలు అక్షరానికి మిగిలింది 43 మి.మీ. కాగితం మీద అచ్చు తీసి గేటుకు అతికించి రోడ్డు అవతల నిలబడ్డాను. పేరు కనిపించలేదు, కింద ఒత్తులు మాత్రం చీమల బారులా కనిపించాయి.

"వాస్తుశిల్పులు" అని పెడదామన్నాను. చక్కటి మాట, ఒత్తులు ఒక్క మెట్టే. పెద్దాయన చేతులు జోడించారు. "అమ్మా, ఆ మాట గేటు మీద పెడితే పొద్దున్నే పది మంది వస్తారు, వంటగది ఆగ్నేయంలో ఉందా, బోరు ఈశాన్యంలో వేయొచ్చా అని. ఇప్పటికే వచ్చేవాళ్లు చాలు."

రెండు రోజులు ఇదే ఆలోచన. చివరికి దారి చూపింది నా దగ్గర పనిచేసే అమ్మాయి. "మేడమ్, 'ఆర్కిటెక్చర్' అంటే? క్చ ఒక్కటే కదా." నిజమే! ర కింద క ఒత్తు, క కింద చ ఒత్తు, చివర ర మీద పొల్లు. ఎక్కడా రెండో మెట్టు లేదు. అక్షరం 54 మి.మీ.కు పెరిగింది. బోర్డు మీద పెద్దాయన ఇంటిపేరు, పక్కన ఆర్కిటెక్చర్. బిల్లుల మీద, ఒప్పందాల మీద నమోదైన పూర్తి పేరు యథాతథంగా ఉంటుంది. ఆడిటర్‌గారు ఫోనులోనే ఆ మాట తేల్చేశారు.

23వ రోజు

బోర్డు మీద ఉర్దూ కూడా ఉండాలన్నది పెద్దాయన పెట్టిన ఒకే ఒక్క షరతు. చత్తా బజార్ వెళ్లాను. పెళ్లి కార్డుల అచ్చు దుకాణాల మధ్య ఇరుకు మెట్లెక్కితే ఒక ముసలి కాతిబ్, ఉర్దూ అక్షరాలు చేత్తో అందంగా రాసే ఆయన. కంప్యూటర్ ఫాంటుతో తీసిన ఉర్దూ పేరు చూపించాను. ఏమీ అనకుండా కాగితం తిప్పి, వెనకవైపు కలంతో ఒక చుక్క పెట్టారు, వజ్రం ఆకారంలో. దాని మీద ఇంకోటి, ఇంకోటి. మూడు చుక్కల ఎత్తుకు పక్కన ఉర్దూ మొదటి అక్షరం అలిఫ్ దించారు. ప్రతి అక్షరం కొలత ఆ చుక్కల్లోనే ఉంటుంది, చుక్క కొలత కలం మొన వెడల్పులో ఉంటుంది. పెద్ద కలం పట్టుకుంటే పెద్ద అక్షరం, నిష్పత్తి మారదు. ఏ-సైజు కాగితాల గురించి ఆయనకు చెప్పాలనిపించింది, నా హిందీకి అంత బలం లేక ఊరుకున్నాను.

ఆయన రాసిచ్చిన పేరు ఎలా ఉందో అలాగే స్కాన్ చేశాను. ఒక్క బిందువు దిద్దలేదు. చేయి జారిన చోటు అందులో లేదు.

27వ రోజు

రంగులు త్వరగానే తేలాయి. స్టూడియో పెరట్లో నమూనా రాళ్ల కుప్ప ఉంది, అందులోంచి కడప నలుపు, తాండూరు బూడిద తీసుకున్నాను. ఒక్క చిక్కు, పాలిష్ లేని కడప రాయి పొడిగా ఉంటే బూడిద రంగే, నీళ్లు చల్లితేనే నలుపు. తడిపి ఫొటో తీశాను. షీట్లు ఎలాగూ నలుపు తెలుపే కాబట్టి ఇవి కార్డుకు, కవరుకు, బోర్డుకు మాత్రమే.

కార్డుల దగ్గర నా తప్పుతో వెయ్యి కార్డులు పాడయ్యాయి. ఆ తడి కడప నలుపు మీద మోజుతో కమాను గీతను నాలుగు సిరాలు కలిపిన నలుపులో పంపాను. పెద్ద అచ్చయితే ఏం కాదు. వెంట్రుక మందం గీతలో సిరాకొకటి చొప్పున నాలుగు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడకపోతే గీతకు గులాబీ, నీలం అంచులొస్తాయి. వచ్చాయి. ప్రెస్సులో మిషన్ నడిపే ఆయన కార్డు నా మొహం ముందు పెట్టి, "ఒక్క నలుపుతో అయిపోయే పనికి నాలుగు ప్లేట్లు ఎందుకమ్మా?" అన్నాడు. రెండోసారి ఒకే నలుపు, ఖర్చు నాది. పాడైన కార్డులు ఇంట్లో పాల లెక్క రాసుకోవడానికి పనికొస్తున్నాయి.

30వ రోజు

రబ్బరు ముద్ర చేయించాను. ఆ కొలతలో గీతతో కమాను అంటే సిరా నిండి మచ్చ అవుతుంది. 10 మి.మీ. కంటే చిన్నదైన ప్రతి చోటా కమాను నింపినదే ఉంటుంది, లోపల తెల్లగా ఏమీ ఉండదు. కింద, ఆర్కిటెక్టులను నమోదు చేసే కౌన్సిల్ పెద్దాయనకు ఇచ్చిన నమోదు సంఖ్య. అందులో సి.ఏ. తర్వాత వచ్చేది ఆయన నమోదైన ఏడాది. కుర్రవాళ్లు ఆ ఏడాది చూసి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు, అప్పటికి వాళ్ల అమ్మానాన్నలకే పెళ్లి కాలేదు.

34వ రోజు

కొత్త టైటిల్ బ్లాకుతో మొదటి సెట్టు నిన్న కొల్లూరు సైటుకు వెళ్లింది. మెట్ల వివరాల షీట్లు, ఆరు. అన్నిటి మీదా మేస్త్రీకి రోడ్డు మీద నుంచి కూడా కనపడేంత పెద్ద సున్నా, రివిజన్ 0. చాలా సంతోషంగా ఉన్నాను.

ఈ రోజు పదింటికి మేస్త్రీ ఫోను. "మేడమ్, మెట్టు ఎత్తు 150 నా, 160 నా?"

షీటు తెప్పించి చూశాను. నేను బ్లాకులో ముద్ర కోసం ఇచ్చిన గడి 30 మి.మీ. చేయించిన ముద్ర 38. గడిలో పట్టక, ఆఫీసు కుర్రాడు ఖాళీగా కనిపించిన చోట కొట్టేశాడు. అది మెట్ల సెక్షన్ మధ్యలో పడింది. నింపిన కమాను, నిండు నలుపు, నేను ఏరికోరి ఎంచుకున్నది, సరిగ్గా ఆ అంకె మీద.

150 అని చెప్పాను. గడి 45కు పెంచాను. మధ్యాహ్నానికి రివిజన్ 1 ప్రింటయింది. కుర్రాడు ముద్ర కొట్టేముందు నా వైపు చూశాడు.